వియ్యపురాలి వైపు అడుగు నేల

జూన్ 4

డబ్బాలో పదకొండు గింజలున్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ పదకొండే వచ్చాయి. లెక్క తప్పితే బాగుండునని నేను కోరుకున్నది జీవితంలో ఇదొక్కసారే.

నిరుడు ఆరు కాయలు కాశాయి. ఒక్కటీ పండే దాకా నిలవలేదు. పిడికిలంత అయ్యేసరికి ఏదో వచ్చి కొరికి, సగం తిని, సగం నాకు వదిలి పోయేది. లోపల గింజలు తెల్లగా, గోరు దిగేంత మెత్తగా ఉన్నాయి. అవి విత్తడానికి పనికిరావు. అంతకుముందు ఏడాది మోకాలి ఆపరేషనై మంచంలో ఉన్నాను, విత్తనే లేదు. అంటే ఈ పదకొండూ మూడేళ్ల కిందటివి. ఇంకో ఏడాది దాస్తే ఎన్ని మొలుస్తాయో చెప్పలేను. ముప్ఫై నాలుగేళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, గింజ మన ఆశలు విని మొలవదని తెలుసు.

ఈ గుమ్మడి అంగట్లో దొరికేది కాదు. నేను చేసింది. ఏటా అన్నిటిలోకీ మంచి కాయ ఎంచి, దాని గింజలే విత్తి, పందొమ్మిది తరాలు తీసుకొచ్చాను. బూడిదరంగు నీలం తొక్క, చేతిలో పట్టేంత కాయ, ఒక ఇంటికి ఒక పూటకు సరిగ్గా సరిపోతుంది. తెంచి పక్కన పెడితే పది నెలలు చెడదు. అది ఈ పదకొండు గింజల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు.

"అమ్మా, గుమ్మడి గింజలేగా, పొట్లం కొనుక్కోవచ్చుగా," అంది అమ్మాయి.

"నీ కూతురు మారాం చేసినప్పుడు నువ్వూ అంగడికెళ్లి ఇంకోదాన్ని కొనుక్కో," అన్నాను.

కంచె వేయిస్తున్నాను. నిర్ణయమైపోయింది.

జూన్ 5

కంచె ఎక్కడ వేయాలన్నదే చిక్కు. నా పెరటికి మూడు వైపులా ఇటుక గోడ ఉంది. నాలుగో వైపు వియ్యపురాలు ఉంది.

అక్కడా ఒకప్పుడు గోడ ఉండేది. పక్కింటి అబ్బాయికే మా అమ్మాయినిచ్చాక, రెండిళ్లు ఒకటే అనుకుని, ఇద్దరం కలిసి దగ్గరుండి దాన్ని పడగొట్టించాం. ఉత్సాహంలో చేసే పనులు ఇలాగే ఉంటాయి. ఆ తర్వాత ఆవిడ మేకను తెచ్చింది.

మేకను ఆవిడ మహారాణి అని పిలుస్తుంది. నేను ముద్దాయి అని పిలుస్తాను. నిరుడు కొరికేసిన కాయల్లో ఒకదాని తొక్క ఎండబెట్టి దాచాను. సాక్ష్యం. పోయిన ఏడాది అది తీసుకెళ్లి ఆవిడ ముందు పెడితే, "మా మహారాణి పచ్చికాయ ముట్టదు వదినగారూ," అంది. ముద్దాయి తరఫువాళ్లు ఇంకేమంటారు.

గింజలు విత్తేశాను. ఆ నాలుగో వైపు అంచునే, హద్దు గీతకు జానెడు ఇవతల. ఎండ అక్కడే బాగా తగులుతుంది.

జూన్ 6

అల్లుడితో కలిసి తీగల దుకాణానికి వెళ్లాను. మోకాలు బాగానే ఉంది.

ఇన్ని రకాలుంటాయనుకోలేదు. ముళ్ల తీగ వద్దన్నాను, నాలుగేళ్ల మనవరాలు తిరిగే పెరడు. కోళ్ల గూటికి కట్టే సన్న జాలీ చూపించాడు, అది చూస్తే కోళ్లే నవ్వుతాయి. గళ్లు గళ్లుగా అతికిన జాలీ ఒకటి, తీగలు మెలేసి అల్లిన జాలీ ఒకటి. గళ్లదే నీటుగా ఉంది.

"ఎన్ని గేజీలో కావాలి?" అన్నాడు దుకాణదారు. "పది ఉంది, పన్నెండు ఉంది, పద్నాలుగు, పదహారు."

అల్లుడు నావైపు చూశాడు. పదహారు ఉండగా పది ఎవరు కొంటారు, పదహారే తీసుకో అన్నాను. దుకాణదారు ఒకసారి నన్ను, ఒకసారి అల్లుణ్ని చూసి, "మీ ఇష్టం," అని ఇంకో బేరంలో పడ్డాడు. విచిత్రమేమిటంటే పదహారే అన్నిటికన్నా చవక. తన సరుకు విలువ తనకే తెలియని మనిషి. నేనేం తెలియజెప్పలేదు.

జూన్ 8

వియ్యపురాలికి చెప్పాను. ముందు చెప్పడం మర్యాద.

"పిల్లల పెళ్లికి గోడ తీసింది మనమే కదా వదినగారూ. ఇప్పుడు మన మధ్య కంచె వేస్తారా?"

"మన మధ్య కాదు వదినగారూ. మీ మేకకూ నా గుమ్మడికీ మధ్య."

"మేక మా ఇంట్లో మనిషి."

"గుమ్మడి మా ఇంట్లో మనిషి."

అమ్మాయి రెండిళ్ల మధ్యా నిలబడి ఆకాశం చూసింది. పాపం, పెళ్లయినప్పటి నుంచీ దానికి ఆకాశమంతా కంఠతా వచ్చేసి ఉంటుంది.

జూన్ 10

కంచె వేశాం. నలభై అడుగులు. ఎండలో వెండిలా మెరిసింది. అల్లుడు ఫొటో తీశాడు. నేను పక్కన నిలబడ్డాను.

జూన్ 15

పదకొండులో ఆరు మొలిచాయి.

ఆరు.

జూన్ 20

నాలుగు.

జూన్ 21

నిన్న అంతకుమించి రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

పొద్దున కాఫీ గ్లాసుతో వెళ్లేసరికి మహారాణి కంచెకు ముందు కాళ్లు ఆనించి నిలబడి ఉంది. అది కంచె ఎక్కలేదు, దూకలేదు. ఊరికే ఆనుకుంది. నా వెండి కంచె సిగ్గుపడినట్టు మెల్లగా వంగి, మెడ దూర్చుకోవడానికి దారి ఇచ్చింది. కంచే చేను మేసిందంటారు. మా ఇంట్లో కంచె అంత కష్టపడలేదు, మేకకు వడ్డించి ఊరుకుంది. రెండు మొక్కలు మొదలంటా పోయాయి.

అల్లుడు ఏదో పనికిమాలిన రకం ఎంచాడు. ఆ రోజు దుకాణంలో నేను అంత పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

వియ్యపురాలు వచ్చి చూసింది. "అయ్యో," అంది. ఆ ఒక్క మాటే. ముప్ఫై ఏళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి, 'అయ్యో' ఎంత మోతాదులో వేయాలో తెలుసు. మేకను కట్టేస్తానంది. తాడు కొరుక్కుని రావడం దానికి కొత్త కాదు.

మిగిలిన నాలుగు మొక్కల మీద పాత బుట్టలు బోర్లించాను.

జూన్ 23

దుకాణాలవాళ్లను నమ్మను. ఊరి చివర తీగ తెచ్చి జాలీ అల్లే షెడ్డుందని విని ఒక్కదాన్నే వెళ్లాను. మోకాలు బాగానే ఉంది. దారిలో రెండుచోట్ల కూర్చున్నాను, గాలి బాగుండి.

షెడ్డు యజమాని ఒక ఆడమనిషి. యాభై ఉంటాయి. మర తిప్పి తిప్పి కుడి భుజం ఎడమదానికన్నా లావైంది. తీగమ్మ అని పిలుస్తారట. నేను తీసుకెళ్లిన కంచె ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని వంచి, నా చేతిలో పెట్టింది.

"ఇది కంచె కాదు పెద్దమ్మగారూ. కిటికీకి కట్టుకోండి, దోమలు రావు."

"పదహారు గేజీ ఇది."

"అదేగా అంటున్నా."

"పదికన్నా పదహారు ఎక్కువ కాదా?"

ఆమె మర ఆపింది. నవ్వలేదు. నవ్వి ఉంటే లేచి వచ్చేసేదాన్ని. గోడకు తగిలించిన ఒక ఇనప పలక తీసి చూపించింది. దానికి వరసగా బెజ్జాలు, ఒకదానికన్నా ఒకటి చిన్నవి.

"తీగ మొదట వేలంత లావుంటుంది. ఈ పెద్ద బెజ్జంలోంచి లాగితే ఒకసారి సన్నబడుతుంది. తర్వాతదాంట్లోంచి లాగితే ఇంకోసారి. ఎన్నిసార్లు లాగితే అన్నో నంబరని మా నాన్న చెప్పేవాడు. పదిసార్లు లాగినదానికి ఇంకా ఒంట్లో బలం ఉంటుంది. పదహారుసార్లు లాగినదాంట్లో ఏముంటుంది, చెప్పండి. మనుషులైనా అంతేగా."

అంకె పెరిగేకొద్దీ తీగ తగ్గుతుంది. మా ఇంట్లో నేను లెక్చరర్ని, అమ్మాయి టీచరు, అల్లుడు పరీక్ష పేపర్లు దిద్దే ఆఫీసులో పని. ఎక్కువ అంకె చూస్తే లేచి నిలబడే వంశం. మాకు తప్ప ఇంకెవరికీ ఈ పొరపాటు జరగదు. అల్లుడికి ఈ సంగతి చెప్పాలి. ఆ రోజు ఎవరు ఎంచారన్నది ఇప్పుడు ముఖ్యం కాదు.

తర్వాత ఆమె అడిగింది, "ఇంతకీ ఎవర్ని ఆపాలి?"

"మేకను. నిరుడు నా కాయలన్నీ కొరికేసింది."

"మేక ఒక్కటేనా? నిరుడు కాయలు పోయాయన్నారు. ఎలా కొరికిందో చూశారా?"

"గాట్లు పడ్డాయి. పక్కపక్కనే రెండేసి, గోరుతో గీసినట్టు. పైనుంచీ, కిందనుంచీ."

"పైనుంచి కూడానా?"

"పైనుంచి కూడా."

"అయితే మేక కాదండీ. మేకకు పైవరసలో ముందు పళ్లే ఉండవు. కింద పళ్లు, పైన గట్టి చిగురు, అంతే. అది పీకి తింటుంది, కొరకదు. మీ కాయలు తిన్నది ఏదుపంది. ఒంటినిండా ముళ్లుంటాయే, అది. కంచె కింద తవ్వుకుని వస్తుంది."

నేను ముప్ఫై నాలుగేళ్లు మొక్కలు చెప్పాను, జంతువులు చెప్పలేదు. అది వేరే డిపార్ట్‌మెంటు.

జూన్ 24

భూతద్దంతో తొక్క చూశాను. రెండేసి గాట్లు. పైనా ఉన్నాయి, కిందా ఉన్నాయి.

ఏడాదిగా బీరువాలో దాచిన సాక్ష్యం మొదటి రోజు నుంచీ ముద్దాయి తరఫునే చెబుతోంది. నేనే వినలేదు.

అయినా మొన్న మొక్కలు తిన్నది మేకే. కాబట్టి క్షమాపణ ప్రశ్న లేదు.

జూన్ 25

ఇవాళ రాయడానికేమీ లేదు.

జూన్ 26

తీగమ్మ వచ్చి నేల చూసింది. పది గేజీ అల్లిన జాలీ, ఇనప గుంజలు, పైనా కిందా బిగించి లాగే తీగలు. మేకకు అది చాలు. ఏదుపందికి చాలదు.

"జాలీ నేలలోకి అడుగు లోతు దించి, అక్కడ కాలులాగా బయటికి మడవాలి. బయటికి అడుగు వెడల్పు. దానికి వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి ఉండదు పెద్దమ్మగారూ. కంచె మొదట్లోనే తవ్వుతుంది. తవ్విన చోటల్లా కాళ్ల కింద తీగ తగులుతుంది."

"లోపలికి మడిస్తే?"

"అది వచ్చేది బయటినుంచి. లోపలికి మడిస్తే దాన్ని లోపలికి పిలిచి కాళ్లకు చెప్పులు తొడిగినట్టు."

"కంచెనే అడుగు ఇవతలికి జరిపితే?"

ఆమె బుట్టలెత్తి మొక్కలు చూసింది. నాలుగూ గీతకు జానెడు దూరంలో ఉన్నాయి. అక్కడ అడుగు లోతు తవ్వితే వేళ్లు తెగుతాయి. ఆ చోటు ఎంచింది నేనే. ఈ సంగతి మాత్రం అల్లుడి మీదకు నెట్టే వీల్లేదు.

అంటే అడుగు వెడల్పున, నలభై అడుగుల పొడవున జాలీ వియ్యపురాలి నేలలో ఉండాలి. అంటే ఆవిడను అడగాలి. అంటే.

తీగలు సాగుతున్నాయి. ఇంకో వారమైతే బుట్టల్లో పట్టవు.

జూన్ 27

వియ్యపురాలిది ఒక గిన్నె మా ఇంట్లో ఉందని గుర్తొచ్చి, ఇచ్చేసి వద్దామని వెళ్లాను. ఆవిడ ఇంట్లో లేదు. గిన్నెతో తిరిగొచ్చాను.

నాకేం హాయిగా అనిపించలేదు.

జూన్ 28

గిన్నెతో మళ్లీ వెళ్లాను. ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని మేకకు గిట్టలు కత్తిరిస్తోంది. అమ్మాయి, అల్లుడు, మనవరాలు కూడా ఉన్నారు. ఎవరూ లేనప్పుడు వెళ్దామనే అనుకున్నాను, కానీ ఆదివారమని మరచిపోయాను.

"గిన్నె మాది కాదు వదినగారూ," అంది తలెత్తకుండా. "మాది అంచు సొట్ట."

"సరే, గిన్నె సంగతి వదిలేయండి. మీ మేకకు పైపళ్లు లేవట."

"మేకలకు ఉండవు."

"మీకు తెలుసా?"

"మేకను పెంచేదాన్ని నేను."

"మరి నిరుడు నేను తొక్క తెచ్చి చూపించినప్పుడు ఆ ముక్క చెప్పాల్సింది కదా."

ఆవిడ కత్తెర కింద పెట్టింది. "మీరు తొక్క చూపించి ప్రశ్న అడగలేదు వదినగారూ. తీర్పు చెప్పారు. అప్పుడు మా కోడలు వింటోంది, నా కొడుకు వింటున్నాడు. తీర్పు చెప్పేశాక వాదించడం మా ఇంట్లో అలవాటు లేదు."

ఈసారి అమ్మాయి ఆకాశం చూడటం మానేసి నన్నే చూసింది.

కంచె సంగతి చెప్పాను. పది గేజీ, గుంజలు, నేల కింద మడత, ఆవిడ వైపు అడుగు. ఆవిడ అంతా విని, "అడుగేం, రెండడుగులు తీసుకోండి," అంది. నేను లేవబోయాను. "కానీ ముందు మహారాణికి చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"కాయలు తిన్నది అది కాదని. మొక్కలు తిన్నది నిజమే, దానికి నేను తలొంచుతాను. కాయలు తినలేదు. ఏడాదిగా దొంగ అనిపించుకుంది. వీళ్ల ముందు చెప్పండి."

అల్లుడు లోపలికి వెళ్లబోయాడు. "నువ్వుండు," అంది వాళ్లమ్మ.

నాకు డెబ్బై ఒకటి. యూనివర్సిటీ వాళ్ల ముందు కూడా నేను పేపరు దిద్దింది తప్పని ఒప్పుకోలేదు. మేక నావైపు చూసింది. దాని పసుపు కళ్లలో నల్ల గీతలు అడ్డంగా ఉంటాయి, లెక్క తేలనట్టు.

నాలుగు మొక్కలు, వారం గడువు.

"మహారాణీ," అన్నాను. ఆ పేరుతో పిలవడం అదే మొదలు. "నిరుడు నా కాయలు కొరికింది నువ్వు కాదు. తప్పు నాది. సరిగ్గా చూడకుండా చెప్పాను."

మేక నా చేతిలోని గిన్నె అంచు నాకింది. మనవరాలు చప్పట్లు కొట్టింది. వియ్యపురాలు మాత్రం నవ్వలేదు. లేచి, మోకాళ్ల మీది బొచ్చు దులుపుకుని, "రేపు పొద్దున ఆరింటికల్లా తవ్వుదాం, ఎండెక్కకముందే," అంది.

అల్లుడితో కూడా ఒక మాట చెప్పి వచ్చాను. ఆ పదహారు ఎవరన్నారో చెప్పాను.

"నాకు గుర్తుంది అత్తయ్యగారూ," అన్నాడు. మంచి పిల్లాడు. నేనే ఎంచాను.

జూన్ 30

రెండు రోజులు పట్టింది. అలసిపోయాను కాబట్టి తక్కువ రాస్తాను.

తీగమ్మ, ఆమె మనుషులిద్దరు, అల్లుడు తవ్వారు. జాలీ వంచడం దగ్గర అందరూ ఆగిపోయారు. పది గేజీ తీగ వంగనంటుంది. వియ్యపురాలు వచ్చి, జాలీ మీద ఒక పలక వేసి, పలక మీద తను నిలబడి, అంచు పట్టుకుని గట్టిగా లాగింది. మడత గీత గీసినట్టు వచ్చింది.

"ఎక్కడ నేర్చారమ్మా?" అంది తీగమ్మ.

"వార్డులో లావుపాటి రోగిని ఒక్కదాన్నే పక్కకు తిప్పేదాన్ని. ఒంటి బరువుతో లాగాలి, చేత్తో కాదు," అంది ఆవిడ.

నలభై అడుగులూ అలా పలక జరుపుకుంటూ ఆవిడే మడిచింది. నేను కొలబద్ద పట్టుకుని నిలబడ్డాను. కొలబద్ద పట్టుకునేవాళ్లు కూడా కావాలి.

జూలై 1

బుట్టలు తీసేశాను.

జూలై 3

మహారాణి వచ్చింది. ముందు కాళ్లు ఆనించింది. ఆనుకుంది. ఇంకా ఆనుకుంది. కంచె ఒక్కసారి వెనక్కి తోసింది. మేక కూలబడి, ఇది తన స్థాయికి తగిన పని కాదన్నట్టు వెళ్లిపోయింది.

నేను, వియ్యపురాలు చెరోవైపు నిలబడి చూశాం. "పాపం," అంది ఆవిడ. నేనూ పాపం అన్నాను. నాకు అంత సంతోషంగా ఉంది కాబట్టి ఏదైనా అనగలను.

జూలై 24

పువ్వులు. మగవి ముందు వచ్చాయి, ఎప్పటిలాగే. వచ్చి ఏమీ చేయకుండా రాలిపోతున్నాయి, ఎప్పటిలాగే.

ఆగస్టు 2

ఆడపువ్వులు రేపు విచ్చుకుంటాయి. వీధి చివర ఎవరో వేరే గుమ్మడి వేశారు. తేనెటీగ అక్కడి పుప్పొడి తెచ్చి ఇక్కడ అద్దితే పందొమ్మిది తరాలు బూడిదే. కాబట్టి సాయంత్రమే మొగ్గల కొసలు దారంతో కట్టేయాలి. పొద్దున విప్పి, మన మగపువ్వు పుప్పొడి మన ఆడపువ్వుకు రాసి, మళ్లీ కట్టేయాలి. ఏటా నేనే చేసేదాన్ని. ఈసారి వంగితే మోకాలు లేవనంది. సరే, రాసేస్తున్నాను, ఇది నా పుస్తకమే కదా. మోకాలు బాగా లేదు. జూన్ నుంచీ బాగా లేదు.

"నేను చేస్తాను, చెప్పండి," అంది వియ్యపురాలు.

"పువ్వు నలిగితే కాయ నిలవదు."

"వదినగారూ, నేను పుట్టి గంటలే అయిన పిల్లల చేతికి సూది గుచ్చినదాన్ని. ఇది పువ్వు."

ఆగస్టు 3

నేను కుర్చీలో కూర్చుని చెప్పాను, ఆవిడ చేసింది. ఏడు పువ్వులు. ఒక్క రేకు చిట్లలేదు. దారం ముడి అయితే ఎంత అందంగా వేసిందంటే విప్పబుద్ధి కాలేదు. మధ్యలో ఒకసారి, "దూది," అని చెయ్యి చాపింది. నేను ఇచ్చాను. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో నాకు అర్థం కాలేదు.

ఆగస్టు 12

ఏడులో అయిదు నిలిచాయి. నిమ్మకాయంత.

ఆగస్టు 29

పొద్దున పెరట్లోకి వెళ్లి అక్కడే నిలబడిపోయాను.

కంచె అవతల మట్టి పెళ్లగించి ఉంది. మూడుచోట్ల. ఒక్కోటి మూరెడు వెడల్పు. కాయలు సరిగ్గా నిరుడు పోయినంత సైజుకు వచ్చాయి, దానికి క్యాలెండరు ఉన్నట్టు. కాయలున్న వైపు తల తిప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది. తిప్పాను.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

ఎవర్నీ పిలవలేదనుకుంటాను. కానీ వియ్యపురాలు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది కాబట్టి పిలిచే ఉంటాను. ఆవిడ గుంతలో చెయ్యి పెట్టి మట్టి తీసింది. అడుగున తీగ తళతళలాడుతోంది. దాని మీద గోళ్ల గీతలు. మొదటి గుంత లోతుగా ఉంది, రెండోది అంతకన్నా తక్కువ, మూడోది ఊరికే గీరినట్టు. దొంగ నమ్మకం ఎలా సడలిందో నేల మీద రాసి ఉంది. మూడో గుంత పక్కన నలుపూ తెలుపూ చారల ముల్లు ఒకటి పడి ఉంది, జానెడు.

"పక్షవాతం వచ్చిన చేతి రాతలా ఉంది," అంది ఆవిడ ఆ గీతలు చూసి.

"ఓడిపోయినవాడి రాత," అన్నాను.

ఇద్దరం గుంతలు వెంటనే పూడ్చలేదు. అమ్మాయికి, అల్లుడికి, మనవరాలికి, చివరికి పాలవాడికి కూడా చూపించాక పూడ్చాం. తీగమ్మకు ఫోను చేశాను.

"పంది వచ్చిందా?" అంది.

"వచ్చింది. పాఠం చదువుకుని పోయింది," అన్నాను.

గెలిచాం.

సెప్టెంబరు 6

మళ్లీ వచ్చింది. ఒకటే గుంత. చిటికెడు.

సెప్టెంబరు 14

రాలేదు.

సెప్టెంబరు 20

రాలేదు. కాయల తొక్క మీద బూడిద దిగుతోంది. తొడిమ ఎండుతోంది. ఇప్పుడు తెంపితే తొందర. అల్లుడు రోజూ, "ఇంకా ఎన్నాళ్లు అత్తయ్యగారూ?" అంటున్నాడు. పరీక్ష పేపర్లు దిద్దేవాడికి ఓపిక ఉంటుందనుకున్నాను.

అక్టోబరు 4

తొడిమలు బెండులా అయ్యాయి. గోరు గుచ్చితే తొక్క దిగలేదు. అయిదూ తెంపి, వరండాలో గోడ వారగా పెట్టాను. ఇంకో మూడు వారాలు అలాగే ఉంచితే లోపల గింజలు నిండుతాయి. తెంపిన రోజే కోసేసేవాళ్లు నా క్లాసులో ఫెయిలయ్యేవాళ్లు.

మనవరాలు ఒక కాయకు ముక్కు, కళ్లు గీసి, కాళ్లు లేని తాతయ్య అని పేరు పెట్టింది. గీతలు తొక్కలోకి దిగలేదు కాబట్టి ఊరుకున్నాను.

అక్టోబరు 26

ఇవాళ కోశాం.

మొదటి కాయ వియ్యపురాలి చేత కోయించాను. కత్తి నా చేతిలోనే ఉంది, నా కాయ, నా పెరడు. అయినా ఆవిడకిచ్చాను. ఆవిడ ఏ ఆర్భాటమూ లేకుండా ఒక్క నొక్కు నొక్కి రెండు చేసింది. లోపల రంగు ఈసారి ఇంకా ముదురు. వేళ్లతో గుజ్జు తోసి ఒక గింజ తీసి, తడి తుడిచి, బొటనవేలి గోరుతో నొక్కి చూసింది. గింజ నొక్కుకోలేదు.

"ముదిరింది," అంది.

"ఇంకోటి చూడండి."

చూసింది. ఇంకోటి. ఇంకోటి. అలా అయిదు కాయలూ కోసి చూసింది. అమ్మాయి పక్కన కూర్చుని గింజలు కడిగింది. అల్లుడు పాత పేపర్లు పరిచాడు. మహారాణికి కాయల పీచు, ఎండిన తీగలు పెట్టాం. ఇన్నాళ్లకు న్యాయంగా తింది. నేను లెక్కపెట్టాను. అయిదొందల పద్దెనిమిది. మళ్లీ లెక్కపెట్టలేదు, ఒకటి అటూ ఇటూ అయినా నాకు ఫరవాలేదు. ఇరవయ్యో తరం.

సగం విడిగా కట్టి వియ్యపురాలి చేతిలో పెట్టాను. ఒకే ఇంట్లో ఉంచి ఇన్నేళ్లు నేను చేసింది తెలివి తక్కువ పని. ఆవిడ మూట చేత్తో తూచి చూసింది.

"ఇవి నేనెక్కడ వేయను వదినగారూ? మా వైపు కంచె లేదు, పంది ఉంది, మేక ఉంది."

"మీ వెనక గోడకు సందుంది. అది మూసేస్తే పంది మీ ఇంటికీ రాదు, మా ఇంటికీ రాదు. రేపు తీగమ్మను పిలిపించి కొలతలు తీయిస్తాను."

"మేకో?"

"మేకతో నేను మాట్లాడతాను. ఇప్పుడు మాకు పరిచయమైంది."

మొట్టమొదటిసారి నా జోకుకు ఆవిడ పెద్దగా నవ్వింది. పైపళ్లన్నీ ఉన్నాయి ఆవిడకు.

రాత్రికి వాన పడేలా ఉంది, గింజలు బయట ఆరవు. ఆవిడ మూట కూడా విప్పి, అన్నీ లోపలికి తెచ్చాం. బల్ల మీద, కిటికీ అంచుల మీద, చివరికి నా మంచం నిండా పేపర్లు పరిచి ఆరబోశాం, ఒకదానికొకటి తగలకుండా. ఫ్యాను తిప్పాను. నాకు కుర్చీ మిగిలింది. మోకాలు తిడుతోంది, తిట్టనీ. రాజ్యం గెలిచినవాళ్లెవరూ పడుకోవడానికి చోటు చాల్లేదని ఏడవలేదు.